వైరస్ కాదు పేదరికం అన్న ప్రెసిడెంట్: సౌత్ ఆఫ్రికాలో ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చింది

కరోనా టైంలో "ఇదంతా మందుల కంపెనీల డ్రామా" అన్నవాళ్ళని చూసి చదువులేక వాగుతున్నార్లే అని చాలామంది తీసిపారేశారు గానీ, దానికి 20 ఏళ్ళ ముందు ఇంచుమించు అదే ధోరణిలో మాట్లాడింది ఒక దేశ ప్రెసిడెంట్, అదీ ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఎంఏ చేసినాయన. పేరు థాబో ఎంబెకీ, మండేలా తర్వాత 1999లో సౌత్ ఆఫ్రికా ప్రెసిడెంట్ అయ్యాడు. 1990లో అక్కడ ప్రభుత్వ క్లినిక్‌లకి వచ్చే గర్భిణుల్లో నూటికి ఒక్కరికి కూడా హెచ్ఐవీ లేదు, 2000 వచ్చేసరికి నూటికి 24 మందికి పైనే. ఇంత కళ్ళముందు కనబడుతుంటే ఈయన మాత్రం ఎయిడ్స్‌కి ఒక్క వైరస్సే కారణం ఎలా అవుద్ది, పేదరికం సంగతేంటి అని మొదలెట్టాడు.

ఆ వాదన ఆయన సొంతం కాదు. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ సైంటిస్ట్ పీటర్ డ్యూస్‌బర్గ్ 1987 నుంచే హెచ్ఐవీ ఏం చెయ్యదు అని రాస్తున్నాడు, తోటి సైంటిస్టులు పట్టించుకోలేదు, కానీ ఇంటర్నెట్‌లో ఆ వాదన బతికే ఉంది, ఎంబెకీకి దొరికింది అక్కడే. 2000లో ఎయిడ్స్ మీద సలహా కమిటీ వేసి అందులో డ్యూస్‌బర్గ్‌ని కూడా కూర్చోబెట్టాడు.

సరే, అంత చదువుకున్నాయన ఎందుకు నమ్మాడు అంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1901లో కేప్‌టౌన్‌కి ప్లేగ్ వస్తే తెల్ల ప్రభుత్వం చేసిన మొదటి పనుల్లో ఒకటి వేలమంది నల్లవాళ్ళని ఊళ్ళోంచి తీసుకెళ్ళి ఊరిబయట ఎన్‌డబేనిలో పడెయ్యడం, ప్లేగ్ పోయాక కూడా వెనక్కి రానివ్వలేదు. రోగం పేరు చెప్పి మనల్ని తరిమేస్తారు అనే భయం ఊరికే పుట్టిందా మరి? ఇంకా దారుణం ఏంటంటే, అపార్థైడ్ కాలంలో, అంటే తెల్లవాళ్ళు నల్లవాళ్ళని చట్టం పెట్టి వేరుచేసి పాలించిన రోజుల్లో, మిలిటరీ వాళ్ళు నల్లవాళ్ళకి పిల్లలు పుట్టకుండా చేసే మందు కోసం రహస్యంగా రీసెర్చ్ చేయించారని 1998లో ట్రూత్ కమిషన్ (ఆ కాలం నాటి దారుణాల్ని విచారించిన కమిషన్) ముందు ఆ సైంటిస్టులే చెప్పారు. ఇది పుకారు కాదు, నిజంగా జరిగింది. ఆ మరుసటి ఏడే ఎవరో వచ్చి మీ జనానికి సెక్స్ వల్ల రోగం వస్తుంది, మేమిచ్చే మందు మింగండి అంటే ఎంబెకీకి అందులో సైన్స్ కన్నా పాత అవమానమే ముందు కనబడింది.

డబ్బు గొడవ సరేసరి. అప్పట్లో హెచ్ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌వీ మందులకి మనిషికి ఏడాదికి దాదాపు 10,000 డాలర్లు. చౌక మందుల కోసం చట్టం చేస్తే 39 కంపెనీలు ఆ దేశం మీదే కోర్టుకెళ్ళాయి. అలాంటప్పుడు కంపెనీల కుట్ర అంటే ఎవరైనా తలూపుతారు. కానీ 2001 ఫిబ్రవరిలో మన దేశపు మందుల కంపెనీ సిప్లా ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానంది, ఏప్రిల్‌లో ఆ కంపెనీలు కేసు వాపస్ తీసుకున్నాయి, తల్లి నుంచి బిడ్డకి హెచ్ఐవీ రాకుండా ఇచ్చే నెవిరపిన్ అనే మందునైతే తల్లుల కోసం ఐదేళ్ళు ఫ్రీగా ఇస్తామని తయారుచేసిన కంపెనీయే అంతకుముందే చెప్పింది. అయినా ఈయన కదల్లేదు. అక్కడిదాకా ఆయన అనుమానానికి అర్థముందని ఒప్పుకుంటా, ఆ తర్వాతది మాత్రం పట్టిన పట్టు వదలని అహం, నా లెక్కలో అంతే.

2000 జులైలో డర్బన్‌లో ఎయిడ్స్ మహాసభ జరిగింది. నల్ల సూటు, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, చేతిలో మైకు, 11 ఏళ్ళ ఎన్‌కోసి జాన్సన్ స్టేజి ఎక్కాడు, పుట్టుకతోనే హెచ్ఐవీ. కడుపుతో ఉన్న తల్లులకి ఏజెడ్‌టీ మందు ఇవ్వండి, పిల్లలకి రాకుండా ఉంటుంది అని అడిగాడు. వాడి మాటలు పూర్తవకముందే ఎంబెకీ లేచి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు జూన్‌లో ఆ పిల్లాడు చనిపోయాడు. తల్లులకి నెవిరపిన్ ఇవ్వాల్సిందేనని రాజ్యాంగ కోర్టు తీర్పు చెప్పింది 2002 జులైలో, అదీ హెచ్ఐవీ మందుల కోసం పోరాడే ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అనే సంస్థ వాళ్ళు కేసేసి కొట్లాడితే.

హెల్త్ మినిస్టర్ మాంటో షబలాలా ఎంసిమాంగ్ అయితే వెల్లుల్లి, నిమ్మకాయ, బీట్‌రూట్ తినండని ఊరూరా చెప్పింది, 2006లో టొరంటో మహాసభలో సౌత్ ఆఫ్రికా స్టాల్‌లో నిజంగానే అవి పేర్చిపెట్టారు, ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది.

అయితే పైన ఉన్నవాళ్ళనే అంటే సరిపోదు, కింద జనంలో ఉన్నది వేరే రకం. 1998లో గుగు డ్లామిని అనే ఆవిడ నాకు హెచ్ఐవీ ఉందని బయటకి చెప్పింది, కొద్దిరోజులకే డర్బన్ దగ్గర క్వామాషులో గుంపు కొట్టి చంపేసింది. అది చూశాక ఎవరు ఒప్పుకుంటారండీ, టీబీతో పోయాడు, న్యుమోనియాతో పోయిందనే చెప్పుకుంటారు. ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాల్లోనూ ఇళ్ళల్లో ఇదే మాట నడిచింది.

ఏఆర్‌వీలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇవ్వడం 2004లో గానీ మొదలవలేదు. ఈ ఆలస్యం వల్ల 2000 నుంచి 2005 లోపు 3,30,000 మందికి పైగా చనిపోయారని, 35,000 మంది పిల్లలు హెచ్ఐవీతో పుట్టారని హార్వర్డ్ వాళ్ళు 2008లో లెక్కగట్టారు. అదే ఏడు సెప్టెంబర్‌లో ఎంబెకీ దిగిపోయాడు, వేరే రాజకీయ గొడవల వల్ల, దీనివల్ల కాదు. ఇప్పుడు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువమందికి ఏఆర్‌వీలు ఇస్తున్నది ఆ దేశమే, ఆ మాత్రల్లో బోలెడన్ని మన హైదరాబాద్ కంపెనీలు తయారుచేసినవే. ఎంబెకీ మాత్రం 2016లో కూడా లెటర్ రాసి అప్పుడు తను అడిగిన ప్రశ్నలు కరెక్టేనన్నాడు.