దొంగ సీడీల కాలం నుంచి లినక్స్ దాకా: ఉత్తరాంధ్రలో నల్ల తెర కథ

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆపైదో కావాలి. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల డీటీపీ షాపుల్లో, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి నెట్ సెంటర్లలో అంతకంటే పాత సిస్టమ్‌లు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. పెద్ద ఊళ్ల ఆఫీసులు వదిలించుకున్న సెకండ్ హ్యాండ్ మిషన్లు కూడా వాటిలో ఉన్నాయి. యజమానుల ముందు నాలుగు దారులున్నాయి: కొత్తది కొనడం, అడ్డదారిలో 11 ఎక్కించడం, ఉన్నదాంతోనే లాగించడం, విండోస్ బదులు లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం. నాలుగోది ఎత్తగానే వచ్చే మాట ఒకటే. "అందులో అన్నీ టైప్ చెయ్యాలట కదా!"

ఈ భయం చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. ఎందుకంటే ఈ జిల్లాల్లో కంప్యూటర్ నేర్చుకున్న మొదటి తరం మొత్తం టైప్ చేసే నేర్చుకుంది. 1990లలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ అంటే మేడ మీద ఏసీ గది, గుమ్మం బయట విప్పిన చెప్పులు, లోపల నల్ల తెర మీద మెరిసే అక్షరాలు. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్, ఫాక్స్‌ప్రో అప్పటి పాఠాలు. డిర్ కొడితే ఫైళ్ల జాబితా, కాపీ కొడితే నకలు, స్టార్ డాట్ స్టార్ అంటే అన్నీ అని అర్థం. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసై వచ్చిన వాళ్లకు ఇదేమీ బ్రహ్మవిద్యలా అనిపించలేదు. మౌస్ ముఖం చూడకుండానే డిగ్రీ కుర్రాళ్లు, గృహిణులు, గుమాస్తాలు సర్టిఫికెట్ పుచ్చుకుని వెళ్లారు.

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. కొన్నేళ్లలో కోర్సుల పేర్లు మారాయి. డీసీఏ, పీజీడీసీఏ అంటే ఎంఎస్ ఆఫీస్, తర్వాత టాలీ. బొమ్మ మీద నొక్కితే పనైపోతున్నప్పుడు డాస్ నేర్పేదెవరు? అంతవరకూ తప్పు పట్టాల్సిందేమీ లేదు. అసలు మలుపు విండోస్ మన ఇళ్లకు వచ్చిన దారిలో ఉంది. విడిభాగాలు తెచ్చి సిస్టమ్ బిగించే కుర్రాడు అందులో విండోస్, ఆఫీస్, ఫొటోషాప్, ఒక యాంటీవైరస్ కూడా వేసి ఇచ్చేవాడు. వాటి ధర బిల్లులో కనిపించేది కాదు. పాడైతే ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించడానికి సర్వీస్ చార్జి తీసుకునేవాడు, అంతే. దొంగ సీడీ చేతిలో ఉన్నవాడి దగ్గరికి వెళ్లి "లినక్స్ ఉచితం" అంటే ఏం ప్రయోజనం? వాడికి అన్నీ ఉచితమే. విండోస్ సులువు కాబట్టి గెలిచిందని చాలామంది అంటారు. నా లెక్కలో అది సగం నిజం. మన ఊళ్లలో లినక్స్ ఓడింది దొంగ సీడీ చేతిలో.

ఉచితం అన్న మాట దగ్గరే విషయం పక్కదారి పట్టింది. లినక్స్ వెనకున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ధర గురించి మొదలైంది కాదు, ప్రింటర్ గురించి మొదలైంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జెరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. దానిలో కాగితం తరచూ ఇరుక్కునేది. అంతకుముందున్న ప్రింటర్‌కైతే అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రాం మార్చి, కాగితం ఇరుక్కున్నప్పుడు ఎదురుచూసేవాళ్ల తెర మీద కబురు వచ్చేలా చేశాడు. కొత్తదానికి సోర్స్ కోడ్, అంటే చదివి మార్చుకోగల ప్రోగ్రాం రాత, ఇవ్వలేదు. కోడ్ ఉన్న మరో యూనివర్సిటీ ఆయన్ని అడిగితే ఎవరికీ ఇవ్వనని ఒప్పందం రాశానన్నాడు. 1983 సెప్టెంబర్‌లో స్టాల్‌మన్, ఎవరైనా చూసి మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ రాయడానికి గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించాడు. ప్రోగ్రాంను దేనికైనా నడుపుకోవడం, లోపలికి చూసి మార్చుకోవడం, నకళ్లు పంచడం, మార్చినదాన్ని పంచడం అనే హక్కుల్ని 1989లో జీపీఎల్ లైసెన్స్‌గా రాశాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మరుసటి ఏడాది ఆ లైసెన్స్ కిందికే వచ్చింది. జెరాక్స్ షాపుల మీద బతికే మన పట్టణాలకు ఈ కథ చేరకపోవడం చిత్రమే.

నల్ల తెర వయసు ఇంకా ఎక్కువ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ లినక్స్‌కు నమూనా అయిన యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. 1973లో డగ్లస్ మెకిల్‌రాయ్ పట్టుబట్టడంతో పైపు వచ్చింది: ఒక చిన్న ప్రోగ్రాం ఇచ్చింది రెండోది అందుకుంటుంది, దాని నుంచి మూడోది, బావి దగ్గర వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకున్నట్టు. ఒకటి వెతుకుతుంది, ఇంకొకటి వరస పెడుతుంది, మరొకటి లెక్కపెడుతుంది. డాస్‌లోనూ పైపు ఉండేది గానీ, అందులో ఒకేసారి ఒక ప్రోగ్రామే నడిచేది కాబట్టి మధ్యలో ఫైల్ రాసి చదువుకునేది. మన ఇన్‌స్టిట్యూట్‌లలో దాని దాకా వెళ్లినవాళ్లు తక్కువ.

మన వైపు లినక్స్ పోస్టులో, పత్రికల్లో వచ్చింది. 1990ల చివర్లో పీసీక్వెస్ట్ పత్రికతో పాటు లినక్స్ సీడీలు వచ్చేవి. ఎక్కించాక మోడెమ్ పలికేది కాదు, ఎందుకంటే అప్పటి చవక మోడెమ్‌లలో సగం పని విండోస్ డ్రైవరే చేసేది. తర్వాత ఉబుంటు అనే లినక్స్ రకం వాళ్లు అడిగినవారికి పైసా తీసుకోకుండా సీడీలు పంపేవారు, 2011లో ఆపేశారు. ఆ కవర్లు హాస్టల్ గదుల్లో చేతులు మారాయి. ఇంటర్నెట్ డాంగిల్ వచ్చిన రోజుల్లో అది లినక్స్‌లో కనెక్ట్ కావడమే ఒక విద్య.

కాలేజీల్లో మాత్రం లినక్స్ సిలబస్ ద్వారా వచ్చి సిలబస్‌లోనే ఉండిపోయింది. యునిక్స్ ల్యాబ్ రికార్డు తిరగేసిన వాళ్లకు తెలుసు: షెల్ స్క్రిప్ట్‌తో (కమాండ్లు వరసగా రాసిన ఫైల్‌తో) ఫ్యాక్టోరియల్, షెల్ స్క్రిప్ట్‌తో పాలిండ్రోమ్, షెల్ స్క్రిప్ట్‌తో ఫైబొనాచి. షెల్‌తో ఎవరూ చేయని పనులివి. ఒక ఫోల్డర్‌లో వందల ఫైళ్లుంటే పేర్లన్నీ ఒక్కసారి మార్చడం, హాజరు పట్టీలోంచి ఒక సెక్షన్ వాళ్లని విడదీయడం లాంటి ఇంటి పనులు అందులో ఉండవు. వైవాలో గ్రెప్ (ఫైళ్లలో మాట వెతికే కమాండ్) అంటే ఏమిటని అడిగితే పూర్తి పేరు చెప్పి మార్కులు తెచ్చుకుంటారు. గ్రెప్‌తో ఒక్కసారైనా సొంత ఫైళ్లలో ఏదైనా వెతికారా అని ఎవరూ అడగరు. కేరళ 2000లలో బడి పిల్లల కంప్యూటర్ చదువును స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చి, పదో తరగతి ప్రాక్టికల్ పరీక్ష కూడా దాని మీదే పెట్టింది. అక్కడ అది వాడుక అయింది. ఇక్కడ రికార్డు పుస్తకం దాటలేదు.

అయినా నల్ల తెర పూర్తిగా పోలేదు. 2010 అటూఇటూగా పెన్‌డ్రైవ్‌లలో షార్ట్‌కట్ వైరస్ తిరిగిన కాలం గుర్తుందా? ఫొటోలన్నీ మాయమై ఒక్కో ఫోల్డర్ చోట షార్ట్‌కట్ కనిపించేది. నెట్ సెంటర్ కుర్రాడు నిమ్మళంగా విండోస్‌లోని నల్ల తెర సీఎండీ తెరిచి ఆట్రిబ్ అని, మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్ అని గడగడా కొట్టేవాడు. దాచిన ఫైళ్లు బయటపడేవి. కమాండ్ లైన్ కష్టమని చెప్పే షాపుల్లోనే అందరికీ నోటికొచ్చిన కమాండ్ అది.

తెలుగు దగ్గర మాత్రం కథ వేరు. ఇక్కడ కొంచెం ఆగాలి.

యునిక్స్ పనిముట్లన్నీ అక్షరాల మీద నడుస్తాయి. మన డీటీపీ షాపుల్లో కంప్యూటర్ దృష్టిలో తెలుగు అక్షరాలే లేవు. అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో కొట్టిన శుభలేఖలో తెర మీద తెలుగు కనిపిస్తుంది, ఫైల్‌లో ఉండేది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్లు. తలకట్టుకో కోడ్, ఒత్తుకో కోడ్. ఫాంట్ తీసేస్తే పిచ్చిగీతలు మిగులుతాయి. ఆ ఫైళ్లలో ఒక ఊరి పేరు వెతకమంటే గ్రెప్ ఏం వెతుకుతుంది? పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, అయినా దాని కోసమే పాత విండోస్‌ను బతికించుకుంటున్న షాపులున్నాయి. ఏళ్ల తరబడి పోగైన శుభలేఖలు, కరపత్రాలు, సంఘాల రసీదు పుస్తకాలు అందులోనే ఉన్నాయి మరి. విండోస్ పట్టు కంటే ఈ ఫాంట్ పట్టు గట్టిదని నా అభిప్రాయం.

ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ ఉంది. ఫైళ్లలో దాన్ని మోసే యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. యునిక్స్ మొదలుపెట్టిన ఆ థాంప్సనే. అందులో ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు. ఆ తర్వాతి పని మనవాళ్లు చేశారు. వీవెన్ లేఖిని చేశాడు, ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చింది. పత్రికల సొంత ఫాంట్ల వెబ్‌సైట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ పొడిగింతను వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు ఇచ్చాడు. రెడ్ హ్యాట్ ద్వారా లోహిత్ తెలుగు ఫాంట్ వచ్చింది. హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ మెనూలనే తెలుగు చేశారు. తర్వాత సిలికానాంధ్ర చొరవతో వచ్చిన స్వేచ్ఛా ఫాంట్లలో ఒకదాని పేరు గిడుగు, ఇంకొకటి గురజాడ. ఒకరు శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు, ఒకరు విజయనగరం మనిషి. ఆ ఫాంట్లను ఎవరైనా దించుకుని, మార్చుకుని, పంచుకోవచ్చు. వాడుక భాష కోసం పోరాడినవాళ్ల పేర్లు వాటికి సరిగ్గా అతికాయి.

యూనికోడ్‌లో రాసిన ఫైళ్లున్న ఫోల్డర్‌లో "రాజాం" అని గ్రెప్ కొడితే ఆ పేరున్న ప్రతి పంక్తీ ఫైల్ పేరుతో సహా వరసగా పడుతుంది. ఒక చిరాకు మాత్రం ఉంది. టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే నల్ల తెర, ప్రతి అక్షరానికీ ఒకే కొలత గడి కేటాయిస్తుంది కాబట్టి చాలా టెర్మినళ్లలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. ఫైల్‌లో అంతా సరిగ్గానే ఉంటుంది, ఎడిటర్‌లో తెరిస్తే బాగానే చదవగలం. యాభై ఏళ్లు దాటిన నల్ల తెరకు తెలుగు ఇంకా పూర్తిగా రాలేదు.

రోజువారీ పనిలో ఇది ఎక్కడ అక్కరకొస్తుందో నెట్ సెంటర్‌లోనే చూడొచ్చు. నోటిఫికేషన్ పడిందంటే గుంపు. ఫొటో 50 కేబీ దాటకూడదు, సంతకం 20 కేబీ దాటకూడదు. ఒక్కో ఫొటో తెరవడం, తగ్గించడం, సేవ్ చేయడం, ఇంకా ఎక్కువుందని మళ్లీ తగ్గించడం. ఇమేజ్‌మేజిక్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మోగ్రిఫై అని రాసి, వెడల్పెంతో, ఎన్ని కేబీలకు కుదించాలో చెప్పి, చివర స్టార్ డాట్ జేపీజీ అంటే ఫోల్డర్ మొత్తం ఒకేసారి తయారు. ఇది చూపిస్తే, ఒకప్పుడు డాస్ నేర్పిన మాస్టారు ఒకాయన "ఏటి గురూ, మన స్టార్ డాట్ స్టారే కదా ఇది!" అన్నారు. అవును, అదే. జాగ్రత్త కూడా అప్పటిదే. మోగ్రిఫై అసలు ఫొటో మీదే రాసేస్తుంది, అందుకే ముందు ఫోల్డర్‌కి నకలు తీసుకోవాలి. చెరిపేసే ఆర్ఎమ్ కమాండ్ కొడితే పోయిన ఫైల్‌కి రీసైకిల్ బిన్ ఉండదు.

ఇంకో వింత చెప్పాలి. ప్రపంచంలో సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీద నడుస్తున్నాయి కాబట్టి సర్వర్లను నడిపే క్లౌడ్, డెవ్‌ఆప్స్ ఉద్యోగాలకు కమాండ్లు రావాలి. మన పిల్లలు బీటెక్ అయ్యాక అమీర్‌పేట వెళ్లి హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు కట్టి అవే కమాండ్లు నేర్చుకుంటున్నారు. కాలేజీ ల్యాబ్‌లో వాళ్ల కళ్ల ముందున్నవే. కంప్యూటర్ లేనివాళ్లకు ఫోన్ ఉంది. ఆండ్రాయిడ్ కింద ఉన్నదీ లినక్స్ కెర్నలే. టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే బాష్, గ్రెప్, పైథాన్ అన్నీ ఫోన్‌లోనే పని చేస్తాయి. దాన్ని ఎఫ్-డ్రాయిడ్ అనే స్వేచ్ఛా యాప్‌ల దుకాణం నుంచి తీసుకోవడం మేలు. చిన్న కీబోర్డు మీద వేళ్లు నొప్పెడతాయి, అది వేరే సంగతి.

ఇంతా చెప్పి, రేపే అందరూ మారిపోవాలని అనను. టాలీ మీద బతికే అకౌంటెంట్‌కు విండోస్ కావాలి. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్లకు డ్రైవర్లు ముందుగా వచ్చేది విండోస్‌కే. షాపుల్లో కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్ని లినక్స్‌లో ఇబ్బంది పెడతాయి. స్టాల్‌మన్ గొడవపడిన చోటే మనమూ ఆగుతున్నాం. బ్రౌజర్, ఉత్తరాలు, లెక్కల పట్టీలు, పీడీఎఫ్‌లతో నడిచే సిస్టమ్‌కు మాత్రం లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్, ఎంఎస్ ఆఫీస్ లాంటి లిబ్రే ఆఫీస్ సరిపోతాయి, టెర్మినల్ తెరవకుండానే రోజు గడుస్తుంది. హార్డ్ డిస్క్ ముట్టుకునే ముందు పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి వైఫై, ప్రింటర్, స్కానర్ పలుకుతున్నాయో లేదో చూసుకోవచ్చు. షాపులో రెండు మిషన్లుంటే ప్రింటర్, టాలీ ఉన్నదాన్ని అలాగే ఉంచి, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు గుచ్చేదాన్ని ముందుగా మార్చడం తెలివైన పని.