పక్కింటివాళ్ల గదికి మనకెందుకు ఉత్తరం?

పిల్లలూ,

పక్కింటివాళ్లు ఇంటి వెనకాల గది వేసుకుంటామని మీకు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపితే, "వాళ్ల ఇల్లు, వాళ్ల డబ్బు, మధ్యలో మనకెందుకు తాతయ్యా?" అని అడిగారుగా. వాళ్లు ఊరి కొలతల నియమం నుంచి సడలింపు అడుగుతున్నారు. మీ న్యూజెర్సీలో అలాంటప్పుడు పంపే నోటీసు మర్యాద కాదు, చట్టం. ఆ స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్నవాళ్లందరికీ హియరింగ్‌కు (ఊరి బోర్డు ముందు జరిగే విచారణకు) కనీసం 10 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి, బహిరంగ ప్రకటన కూడా వేయించాలి. పేర్ల జాబితా మున్సిపాలిటీ ఇస్తుంది. అందులో ఒక్క ఇంటిని వదిలేసినా కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఏ స్థలంలో ఏం కట్టొచ్చో, ఎంత కట్టొచ్చో చెప్పే జోనింగ్ చట్టం బడి యూనిఫారం లాంటిది. అందరికీ ఒకే కొలత. ఇంటి వెనక 25 అడుగులు ఖాళీగా వదలాలని ఊరి చట్టంలో ఉందనుకోండి. గది కట్టాక 18 అడుగులే మిగిలేలా ఉంటే జోనింగ్ ఆఫీసరు పర్మిట్ ఇవ్వడు. ఆయన దగ్గర ఉన్నది టేపే. కత్తెర జోనింగ్ బోర్డు దగ్గర ఉంటుంది: ఏడుగురు సభ్యులు, అందరూ ఆ ఊరివాళ్లే. చేతులు పొడుగున్న పిల్లాడికి చొక్కా చేతి మడత విప్పి ఇస్తారే, అలాంటి సడలింపే వేరియన్స్.

అయితే చెయ్యి నిజంగా పొడుగుండాలి. స్థలం మరీ సన్నగా ఉందనో, వంకర మూలలో ఇరుక్కుందనో, నేల వాలుగా ఉందనో సర్వే ప్లానుతో చూపాలి. "మా ఇంట్లో మనుషులు పెరిగారు" అంటే అది చొక్కా బాధ కాదు. సగం స్థలం తానే అమ్ముకుని మిగిలింది ఇరుకైందంటే, చొక్కా తానే చింపుకొచ్చినట్టు. చెయ్యి మామూలుగానే ఉన్నా ఇంకో దారి ఉంది: ఆ మార్పుతో వచ్చే మేలు కీడు కంటే బాగా ఎక్కువని రుజువు చేయడం. ఏ దారిలో వచ్చినా ఇరుగుపొరుగుకు పెద్ద నష్టం ఉండకూడదు, ఊరి ప్లాను ఉద్దేశం దెబ్బతినకూడదు.

ఇళ్ల వీధిలో దుకాణం పెడతానంటే మాత్రం ప్యాంటు బదులు లుంగీతో బడికొస్తాననడమే. దానికి ఐదు ఓట్లు పడాలి. ఆ రాత్రి ఐదుగురే వస్తే ఒక్కరు కాదన్నా పోయినట్టే. అందుకే లాయర్లు ముందు తలలు లెక్కపెట్టి, తక్కువైతే వాయిదా అడుగుతారు. మీ పక్కింటి గది లాంటివాటికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుంటే చాలు. సగం సగమైతే తిరస్కరించినట్టే.

ఇక్కడ నా చొక్కా పోలిక పిగిలింది. ఏ దర్జీ సాక్షులతో ప్రమాణం చేయించడు, బోర్డు చేయిస్తుంది. కట్టుకునేవాళ్ల ఇంజనీరు ప్లాను వివరించాక ముందు ప్రశ్నలు అడగనిస్తారు, అభిప్రాయాలు తరవాత. "వాళ్లు మాకు నచ్చరు" అన్నది అక్కడ చెల్లదు, చెప్పకూడదు కూడా. ఏం నష్టమో చెప్పాలి: నీడ, నీళ్లు, రద్దీ. సరైన మాట చెబితే "కంచె వెంట చెట్లు నాటాలి" లాంటి షరతు పెట్టి ఒప్పుకుంటారు.

ఓటు పడింది కదా అని మర్నాడే పునాది తవ్వరు. తీర్మానం రాతలో రావాలి, కట్టడానికి పర్మిట్ వేరే తీసుకోవాలి. తీర్పు ప్రకటన వెలువడ్డాక 45 రోజుల్లో దానితో సంబంధం ఉన్నవాళ్లు కోర్టుకు వెళ్లొచ్చు.

హియరింగ్‌కు 10 రోజుల ముందు నుంచీ ప్లాన్లు మున్సిపల్ ఆఫీసులో ఎవరైనా చూడొచ్చు. నాన్నతో వెళ్లండి. వాన నీళ్లు ఎటు పోతాయో చూపే బాణం గుర్తులు వెతకండి. అవి మీ కంచె వైపు ఉంటే, ఆ నీళ్లు ఎక్కడ ఇంకుతాయని హియరింగ్‌లో ఇంజనీరును అడగమని నాన్నకు చెప్పండి.

మీ తాతయ్య