పాత కారు డోర్ బీడింగ్: రోజూ వినే అపోహలు, చేతికి తెలిసిన వాస్తవాలు

ఒకాయన కారు తెచ్చి తలుపులు చూపించాడు. మూడు తలుపుల మీద నల్ల పట్టీలు బూడిద రంగుకు తిరిగిపోయాయి, నాలుగోది మాత్రం నిగనిగలాడుతోంది. "దానికి షూ పాలిష్ పట్టించానన్నా, ఎలా ఉందో చూడండి. మిగతా మూడింటికీ మీరు అలాంటిదే ఏదైనా వేసేయండి" అన్నాడు. తడిగుడ్డ తీసుకుని నాలుగో పట్టీని ఒకసారి గట్టిగా తుడిచాను. గుడ్డ నల్లబడింది, పట్టీ బూడిదయింది.

ఈ పనిలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి చిట్కాలు వింటూనే ఉన్నాను. కొన్ని చిట్కాల వల్ల పోయేదేమీ ఉండదు. కొన్ని మాత్రం బీడింగుతో పాటు తలుపును కూడా తినేస్తాయి.

అపోహ: నల్లగా ఉన్నదంతా ఒకటే ప్లాస్టిక్, ఒకే మందు చాలు.

మనం అన్నింటినీ కలిపి బీడింగ్ అనేస్తాం. తలుపు మధ్యలో అడ్డంగా ఉండే లావు పట్టీ చాలా కార్లలో పాలీప్రొపిలీన్, కొన్నింటిలో పీవీసీ. అద్దం కింది అంచున ఉండేది రబ్బరు, దాని లోపల సన్నని ఇనుప రేకు ఉంటుంది. రెండు తలుపుల మధ్య పిల్లర్ మీది నలుపు చాలాసార్లు ఒట్టి స్టిక్కరే. మెరిసే పట్టీ స్టీలు కావచ్చు, అల్యూమినియం కావచ్చు, ప్లాస్టిక్ మీద క్రోమ్ పూత కావచ్చు. రబ్బరుకు మంచిదైన మందు స్టిక్కరును పాడు చేస్తుంది. స్టీలుకు పనికొచ్చే పాలిష్ అల్యూమినియం పట్టీ పైపొరను అరగదీస్తుంది.

ప్లాస్టిక్ పట్టీని ఊడదీస్తే దాని వీపు మీద చిన్న అచ్చు అక్షరాలు కనబడతాయి. ఏబీఎస్ (ఇదో గట్టి ప్లాస్టిక్ రకం) అనో, పీపీ (అంటే పాలీప్రొపిలీన్) అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం టీడీ20 అనో ఉంటుంది. చివరిదానికి అర్థం, పాలీప్రొపిలీనులో ఈపీడీఎం అనే రబ్బరు కలిపి, 20 శాతం టాల్క్ పొడి వేశారని. ఏ జిగురు పట్టుకుంటుంది, ఏ పెయింటు నిలుస్తుంది అన్నది ఆ అక్షరాలను బట్టే తేలుతుంది. నేను ముందు చదివేది అవే.

అపోహ: తెల్లబారిందంటే పోయినట్టే, మార్చాల్సిందే.

అన్నిసార్లూ కాదు. గరుకు ప్లాస్టిక్ మీద కనిపించే తెలుపులో చాలా భాగం ఎప్పుడో పక్కన పెయింటుకు పట్టించిన వ్యాక్స్, పాలిష్. గుంటల్లో చేరి ఎండిపోయి ఉంటుంది. మెత్తటి బ్రష్షు, ప్లాస్టిక్ క్లీనరు, కాస్త ఓపిక ఉంటే వదిలిపోతుంది.

పట్టీని కడిగి ఆరబెట్టి, ఒకచోట నీళ్లు చల్లి చూడండి. తడి ఉన్నంతసేపు చక్కగా నల్లగా కనిపిస్తే పైపొర మాత్రమే దెబ్బతిన్నట్టు, దాన్ని బతికించవచ్చు. తడిలో కూడా మచ్చలు మచ్చలుగా తెల్లగానే ఉందా, గోటితో వంచితే సన్నని పగుళ్లు తెరుచుకుంటున్నాయా, ఇక పూతల మీద డబ్బు పెట్టకండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంపుతూ పోతాయి. ప్లాస్టిక్‌లో కలిపే నల్ల పొడి, అంటే కార్బన్ బ్లాక్, రంగు కోసమే కాదు, ఆ కిరణాలను పీల్చుకోవడానికి కూడా. అది కాపాడలేనంత లోతుకు దెబ్బ దిగాక పైన ఏం పూసినా లాభం లేదు.

అపోహ: హీట్ గన్ పెడితే కొత్తదై పోతుంది.

వీడియోల్లో చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. వేడిగాలి తగిలిన మేర నలుపు పాకుతూ వస్తుంది. జరిగేదల్లా పైపొర కొద్దిగా కరిగి, చిట్లిన గరుకు సర్దుకోవడం. కొన్ని నెలలకు మళ్లీ బూడిద రంగు వస్తుంది. మళ్లీ కాలుస్తారు. ప్రతిసారీ గరుకు డిజైను కొంత చెరిగిపోతుంది, పట్టీ కొంత వంకర పోతుంది, వెనక డబుల్ సైడ్ టేపు కూడా వదులవుతుంది. పక్కనే పెయింటు, పైన అద్దం ఉన్న తలుపు మీద నేనైతే ఈ పని చేయను. బయటికి తీసిన బంపర్ ముక్క మీద సరదాకు చేసుకోండి.

అపోహ: ఇంజిన్ ఆయిల్, కిరోసిన్, డీజిల్ పట్టిస్తే రబ్బరు మెత్తబడుతుంది.

మెత్తబడుతుంది, అదే ప్రమాదం. తలుపు రబ్బర్లు ఎక్కువగా ఈపీడీఎం. అది ఎండకు, వానకు, ఓజోనుకు బాగా తట్టుకుంటుంది గానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు గాడిలోంచి బయటికి తోసుకొస్తుంది, అద్దాన్ని పట్టేస్తుంది. నాలుగు రోజులు మెరిసి, ఆ తర్వాత జిగట పట్టి, దుమ్మంతా అంటుకుంటుంది. రబ్బరుకు నీటితో తయారైన డ్రెస్సింగ్, గరుకు ప్లాస్టిక్‌కు గట్టిపడే ట్రిమ్ కోటింగ్, ఇవి చాలు. కోటింగ్ వేసే ముందు జిడ్డు ఒక్క చుక్క కూడా మిగలకూడదు.

షూ పాలిష్ ఆయన సంగతి చెప్పాలిగా. మూడు బూడిద పట్టీలూ నీళ్ల పరీక్షలో పాసయ్యాయి, శుభ్రం చేసి కోటింగ్ వేయడానికి ఒక పూట పట్టింది. ఆ నాలుగో దాంట్లోంచి మైనం లాగడానికే ఇంకో పూట పట్టింది.

అపోహ: అద్దం పక్క రబ్బరు పాడైతే తలుపులోకి నీళ్లు పోతాయి, సిలికాన్ పెట్టి మూసేయాలి.

టింకరింగ్ పని చేసేవాళ్లలో కూడా కొందరు నమ్మే అపోహ ఇది. తలుపులోకి నీళ్లు కొత్త కారులోనూ పోతాయి. బయటి రబ్బరు చాలా నీటిని ఆపుతుంది, అంతే. మిగిలింది అద్దం వెంట లోపలికి జారి, తలుపు అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటికి పోతుంది. డోర్ ప్యాడ్ వెనక అంటించిన పాలిథిన్ షీటు ఆ నీరు క్యాబిన్‌లోకి రాకుండా అడ్డుకుంటుంది. తలుపు తయారైన పద్ధతే అది.

అందుకని కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తోందంటే నేను ముందు చూసేది ఆ షీటు ఊడిందా, అడుగు రంధ్రాలు మూసుకున్నాయా అని. ఒక తలుపుకి అడుగున వరసగా సిలికాన్ ముద్దలు కనిపించాయి. ఎవరో దుమ్ము రాకూడదని రంధ్రాలు మూసేశారు. సన్నని స్క్రూ డ్రైవరుతో ఒకటి పొడిచాను. టీ డికాషన్ రంగు నీళ్లు ధారగా కారి, వాటి వెనకే తుప్పు పెచ్చులు వచ్చాయి. బయట నుంచి చూస్తే ఆ తలుపు మీద పెయింటు అద్దంలా ఉంది!

అలాగని పాడైన రబ్బరును వదిలేయమని కాదు. దాని లోపలి రేకు తుప్పు పట్టి ఉబ్బితే రబ్బరు చిట్లుతుంది, ఆ గరుకు అంచు అద్దం మీద నిలువు గీతలు పెడుతుంది. దీనికి రిపేరు లేదు, మార్చడమే. చాలా కార్లలో అద్దం పూర్తిగా కిందికి దించి, తలుపు అంచున ఉండే చిన్న స్క్రూ విప్పి, పట్టీని పైకి లేపితే వచ్చేస్తుంది. కొన్నింటిలో ముందు సైడ్ మిర్రర్ విప్పాలి. రాకపోతే బలం పెట్టకండి. ఎక్కడో ఇంకో క్లిప్ పట్టుకుని ఉందన్నమాట.

అపోహ: ఊడిన పట్టీకి ఫెవిక్విక్ చాలు.

పాలీప్రొపిలీన్‌కు సూపర్ గ్లూ సరిగా అంటుకోదు. పెళుసుగా గట్టిపడి, తలుపు దబ్బున వేసిన ఏదో రోజున పటుక్కున వదిలేస్తుంది. పక్కన పెయింటు మీద తెల్లటి పొగలాంటి మచ్చ అదనం. సిలికాన్ ఇంకా ఘోరం. వెనిగర్ వాసన వచ్చే రకం నుంచి అసిటిక్ ఆమ్లం వెలువడుతుంది, పెయింటు లేచిన చోట ఇనుము తుప్పు పడుతుంది. దాని అవశేషం మీద తర్వాత టేపూ అంటుకోదు, పెయింటూ నిలవదు.

సరైనది అక్రిలిక్ ఫోమ్ డబుల్ సైడ్ టేపు. ఊడదీసే ముందు పట్టీ పై అంచు వెంట తలుపు మీద మాస్కింగ్ టేపు గీతలా అంటించండి. లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు పక్క తలుపుతో లెవెల్ కలవదు. హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి, వెనక నుంచి చేపల గాలపు దారం రంపంలా లాగితే పట్టీ గీత పడకుండా వస్తుంది. పాత ఫోమును డ్రిల్లుకు తగిలించే రబ్బరు చక్రంతో తీసి, సమపాళ్లలో నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. పాలీప్రొపిలీన్ పట్టీ అయితే ప్రైమర్, అంటే టేపు పట్టుకునేలా ముందు పూసే ద్రవం, తప్పనిసరి, అది లేకుండా ఆ ప్లాస్టిక్ దేన్నీ పట్టుకోదు. తలుపు రేకు చల్లగా ఉన్నప్పుడు అంటించకండి, 21 నుంచి 38 డిగ్రీల మధ్య బాగా పడుతుంది. ప్రతి అంగుళం బొటనవేలితో గట్టిగా నొక్కాలి. మామూలు వేడిలో మొదటి 20 నిమిషాల్లో సగం బలమే వస్తుంది, ఒక రోజుకు 90 శాతం, పూర్తి బలానికి 72 గంటలు. పట్టీ ఊడిందని మళ్లీ వచ్చేవాళ్లను నేను అడిగేది ఒకటే: కారు ఎప్పుడు కడిగారు? జవాబు చాలాసార్లు "మర్నాడే".

అపోహ: క్రోమ్ మసకబారితే రుద్ది పాలిష్ చేయొచ్చు.

స్టీలు పట్టీ అయితే చేయొచ్చు. ప్లాస్టిక్ మీది క్రోమ్ పొర మందం మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు, అడుగున నికెల్, రాగి. బుడగలు లేచాయంటే రుద్దేకొద్దీ ఇంకా లేస్తుంది. అనొడైజ్ చేసిన, అంటే కరెంటుతో పైన రక్షణ పొర ఏర్పరచిన, అల్యూమినియం మీద పాలలాంటి మరకలు కనిపిస్తే, తరచు ఘాటైన క్షారపు షాంపూలు దాని రక్షణ పొరను తిన్నట్టు. మెరిసేదాకా పాలిష్ చేస్తే ఆ మిగిలిన పొర కూడా పోతుంది. అప్పుడు క్లియర్ కోట్ వేయాలి, లేదా వినైల్ చుట్టాలి.

అపోహ: పాత కారు పట్టీ తెచ్చి బిగిస్తే క్లిప్పులతో సహా పనికొస్తాయి.

పట్టీ పనికొస్తుంది, ఎడమ కుడి చూసుకోండి. క్లిప్పులు మాత్రం కొత్తవే వేయండి. ఏళ్ల వేడికి నైలాన్ పెళుసెక్కి ఉంటుంది, తీసేటప్పుడే సగం తలలు విరిగి తలుపు లోపల పడిపోతాయి. ఆ ముక్కలను ఏరి బయటికి తీయకపోతే, అవే వెళ్లి అడుగు రంధ్రాలకు అడ్డం పడతాయి.