కరెంటు టైముకి పొంగే నది

శ్రీశైలం నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లు డ్యామ్ కింద లింగాలగట్టులో చేపల వేపుడు కోసం ఆగడం మామూలే. ఓ వేసవి సాయంత్రం మేమూ ఆగాం. ప్లేట్లు వచ్చేలోపు పిల్లలు నీళ్ల దగ్గరికి దిగారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. కృష్ణ బండల మధ్య చడీచప్పుడు లేకుండా పారుతోంది. పక్కనే ఒకాయన తన పుట్టిని నెత్తిమీదికి ఎత్తుకుని గట్టెక్కుతున్నాడు.

"అప్పుడే ఆపేశావేం అన్నా?"

"కరెంటు టైమైంది సార్, నీళ్లొస్తాయి. కావాలంటే మీ చెప్పు ఆ అంచున పెట్టి చూడండి."

పెట్టాను. కాసేపటికి మడమ తడిసింది. తర్వాత పట్టీ. వేపుడు వచ్చేసరికి చెప్పు తేలుతోంది.

వాన చుక్క లేకుండా నది ఎందుకు పెరిగింది? జవాబు రెండొందల కిలోమీటర్ల అవతల మన ఇళ్లలోనే ఉంది. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా లైట్లు, ఏసీలు, నీళ్ల మోటార్లు ఒక్కసారే వేస్తుంది. చల్లారిన బొగ్గు ప్లాంటును పూర్తి స్థాయికి తేవాలంటే గంటలు పడుతుంది. నీటి టర్బైన్‌కు కొన్ని నిమిషాలు చాలు. అందుకే డిమాండ్ ఎగబాకే వేళకు జలవిద్యుత్తును దాచుకుని వాడతారు. శ్రీశైలం ఎడమగట్టున భూమి లోపల 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అన్నీ తిరిగితే 30 వేల క్యూసెక్కులకు పైగా నీళ్లు కిందికొస్తాయి. క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే, వీధిలోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు 170 దాకా ఖాళీ చేసినట్టు. కరెంటు మిగిలినప్పుడు అవే యంత్రాలను వెనక్కి తిప్పి నీళ్లను మళ్లీ పైకి తోడే ఏర్పాటు కూడా ఉంది. ఎక్కే నీళ్లు, దిగే నీళ్లు... ఈ నదికి గడియారం మన స్విచ్‌బోర్డే.

ఇవే నీళ్లు మైదానంలోకి వదిలితే పక్కలకు పరుచుకుంటాయి. నల్లమలలో ఆ వీల్లేదు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన గట్టి రాతి పొరలను కోసుకుంటూ కృష్ణ ఇక్కడ ఇరుకైన లోయ చేసుకుంది. పక్కకు జాగా లేని నీరు పైకే లేస్తుంది. ఇంకో తిరకాసుంది. డ్యామ్ వదిలిన నీళ్లకంటే అవి పుట్టించే అల ముందు పరిగెడుతుంది. అంటే మన కాళ్ల దగ్గర మొదట పెరిగేది ఇందాకటి నుంచీ అక్కడున్న తేట నీరే. వెనకనుంచి తోపు తగిలి లేస్తుంది. ఎర్రనీళ్లు కనబడితే బయటికొద్దాంలే అనుకుంటే లాభం లేదు. నమ్మదగ్గ గుర్తులు చిన్నవి: ఇందాక పొడిగా ఉన్న రాయి తడవడం, ఒడ్డున ఎండిన ఆకులూ పుల్లలూ లేచి తేలడం.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఆ మధ్య ఫ్యామిలీ గ్రూపులో ఓ ఫొటో పెట్టాడు. అక్కడికెళ్లిన తెలుగువాళ్లందరి ఫోన్లలోనూ ఉండే ఫొటోనే: ఎర్రటి కొండ చుట్టూ గుర్రపు నాడాలా తిరిగిన ఆకుపచ్చ నది, మూడొందల మీటర్ల కింద బియ్యపు గింజల్లా కయాక్‌లు. అది హార్స్‌షూ బెండ్, కొలరాడో నది. "వాటర్ ఎంత క్లియర్‌గా ఉందో చూడు మామయ్యా" అని రాశాడు. నిజానికి అంత తేటగా ఉండటం ఆ నది సహజ గుణం కాదు. స్పానిష్‌లో కొలరాడో అంటేనే ఎర్రనిది. 1963లో ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు మూశాక మట్టి అంతా జలాశయంలోనే ఆగిపోయింది. జలాశయం నిండుగా ఉన్నప్పుడు లోతు పొరల్లోంచి తీసే నీళ్లు కావడంతో, బయట నలభై డిగ్రీల ఎండున్నా పడవ బోల్తా పడితే ఒళ్లు కొయ్యబారిపోయేంత చల్లగా ఉంటాయి. కొత్త ఇసుక రాక లోయలో ఒడ్లు కరిగిపోతుంటే, 1996లో ఏడు రోజులపాటు 45 వేల క్యూసెక్కులు వదిలి, అడుగున పడున్న ఇసుకను ఒడ్డుకెక్కించి చూశారు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద రావడం చూసిన మనకు అది పిల్లకాలువే!

నాకు మాత్రం కొలరాడోలో వదిలిన ఆ వరదకంటే అక్కడి పురుగుల కథ ఎక్కువ నచ్చింది. అక్కడ కొన్ని పురుగులు సందెవేళ నీటి అంచున, రాళ్ల మీద గుడ్లు పెడతాయి. కరెంటు అవసరం తగ్గి నీళ్లు దిగగానే గుడ్లు ఎండకు మాడిపోతాయి. పురుగు లేకపోతే చేపకు తిండి లేదు. దాంతో 2018 వేసవిలో శని, ఆదివారాలు నీటిని తక్కువ మట్టంలో కదలకుండా ఉంచారు. సెలవు రోజుల్లో కరెంటు వాడకం ఎలాగూ తక్కువ కాబట్టి నష్టమూ తక్కువ. వారాంతంలో ఆ తక్కువ మట్టం దగ్గర పెట్టిన గుడ్లు, సోమవారం నుంచి నీళ్లు ఎక్కి దిగుతున్నా తడిలోనే ఉంటాయి. పురుగులకు వీకెండ్ ఇచ్చారన్నమాట. అంతకుముందు నుంచే గంటకు 4 వేల క్యూసెక్కులకు మించి పెంచకూడదని హద్దు కూడా ఉంది. పడవల వాళ్లకు ఒడ్డు చేరే వ్యవధి దొరుకుతుంది.

ఆ వ్యవధి దొరకని సాయంత్రం ఒకటి హైదరాబాద్‌కు బాగా గుర్తు. 2014 జూన్ 8న హిమాచల్‌లో మండీ దగ్గర బియాస్ నదిలో రాళ్లమీద నిలబడి ఫొటోలు దిగుతున్న మన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు కొట్టుకుపోయారు. ఆ వీడియో చూసినవాళ్లు "పరిగెత్తొచ్చు కదా" అన్నారు. పరిగెత్తడం అంత తేలిక కాదు. నీటి వేగం రెట్టింపైతే కాళ్ల మీద తోపు నాలుగు రెట్లవుతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంతో మోకాలి లోతు నీళ్లొస్తే, పాతిక కిలోల బస్తా బరువంత బలంతో ఎవరో కాళ్లను నెడుతున్నట్టే. కింద నాచు పట్టిన గుండ్రాయి. పైగా రాయి మీదున్నవాళ్లకూ ఒడ్డుకూ మధ్యనున్న పల్లమే ముందు నిండుతుంది.

లింగాలగట్టులో మా పిల్లలు నిలబడ్డదీ అలాంటి రాయి మీదే. పుట్టి ఆయన నాకంటే ముందే వాళ్లను కేకేసి పిలిచాడు. చిన్నోడు ఐదు నిమిషాలు అలిగాడు. చేపలు పొట్లం కట్టించుకుని బయల్దేరాం. రాత్రి 9కల్లా అడవి దారి గేటు వేసేస్తారు. చెప్పు మాత్రం దొరకలేదు. రెండోది కూడా అక్కడే వదిలేసి ఒట్టి కాళ్లతో కారెక్కాను.