నిద్రలేచే వేళ ఒక్కటి పట్టుకోండి

మనసు బాగోలేనప్పుడు దినచర్య వేసుకోమని అందరూ చెబుతారు. వేసుకున్నవాళ్లలో చాలామంది వారం తిరక్కుండానే వదిలేస్తారు. అది బద్ధకం కాదు. అయిదింటికి లేవడం, గంట నడక, ప్రాణాయామం, డైరీ, ఫోన్ మానేయడం, అన్నీ మొదటిరోజే నెత్తికెత్తుకుంటారు. దిగులుగా ఉన్న మనిషిలో ముందు సన్నగిల్లేదే పని మొదలుపెట్టే ఓపిక. అందుకని మార్చకూడనిది ఒక్కటే పెట్టుకోవాలి, నిద్రలేచే సమయం. పడుకునే సమయం కాదు. నిద్రను బలవంతంగా రప్పించలేం, లేవడం చాలావరకు మన చేతిలో పనే.

మెదడులో కంటి నరాలు కలిసే చోటికి సరిగ్గా పైన బియ్యపు గింజంత నాడీకణాల గుంపు ఉంటుంది. ఒంట్లో నిద్ర, మెలకువల వేళలు నడిపే గడియారాలన్నిటికీ అదే పెద్ద. దాని సొంత చుట్టు సగటున 24 గంటల కంటే కాస్త ఎక్కువ, కాబట్టి వదిలేస్తే రోజురోజుకీ ఆలస్యమవుతుంది. పొద్దుటి వెలుతురు దాన్ని సరిచేస్తుంది. ఈ గడియారం జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో తేల్చినందుకే హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. వాళ్లు పరిశోధించింది పండ్ల ఈగల మీద!

ట్యూబ్‌లైటు వెలిగే గదిలో వెలుతురు మహా అయితే 100 నుంచి 300 లక్స్. మబ్బు పట్టిన పగలైనా ఆరుబయట వేలల్లో ఉంటుంది. గదిలో కూర్చుని కాఫీ తాగితే చాలదు, డాబా మీదో వీధిలోనో 20 నిమిషాలు గడపాలి. సూర్యుడి వంక మాత్రం చూడకూడదు.

విజయవాడ, గుంటూరుల్లో మే నెలలో 5.40 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. జనవరిలో 6.40 అవుతుంది. ఏడాది పొడవునా ఆరింటికి లేవడం రెండు కాలాలకీ కుదురుతుంది. వేసవిలో లేచిన పావుగంటకే బయటపడి ఏడులోపు ఇల్లు చేరాలి, ఆ తర్వాత బ్యారేజీ మీద నడక ఒంటికి శిక్షే. చలికాలంలో లేవగానే లైటు వేసుకుని, తెల్లారాక బయటికి వెళ్లొచ్చు. ఆదివారం కావాలంటే మరో గంట పడుకోవచ్చు, అంతకు మించితే ఆ రాత్రి నిద్ర ఆలస్యమై సోమవారం పాడవుతుంది.

ఇక్కడి వేసవి రాత్రులు అసలు సమస్య. ఒంటి లోపలి వేడి కాస్త తగ్గితేనే నిద్ర పడుతుంది. పడుకోవడానికి గంట, గంటన్నర ముందు గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాలు స్నానం చేస్తే చర్మానికి రక్తం చేరి వేడి బయటికి పోతుంది. మేలో డాబా మీది ట్యాంకు నీళ్లకు గీజరు అక్కర్లేదు లెండి. మధ్యాహ్నం కునుకు మూడులోపు, అలారం పెట్టుకుని అరగంటే. సాయంత్రం అయిదింటి టీలోని కెఫీన్‌లో సగం దాకా రాత్రి పదింటికీ ఒంట్లోనే ఉంటుంది, చివరి టీ రెండింటికల్లా ముగించడం మంచిది. పడుకున్నా 20 నిమిషాల్లో నిద్ర పట్టనట్టనిపిస్తే మంచం దిగి మసక వెలుతురులో కూర్చోండి, నిద్రమత్తు వచ్చాకే తిరిగి వెళ్లండి. అటూ ఇటూ దొర్లుతూ ఉంటే మంచమంటేనే మెలకువ గుర్తొచ్చేలా మెదడు అలవాటు పడుతుంది.

పగటిపూట మూడు చిన్న పనులు చాలు. ఒకటి అవసరమైనది, ఒకటి ఇష్టమైనది, ఒకటి మరో మనిషితో. కరెంటు బిల్లు కట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం, అక్కకు ఫోన్ చేయడం. 'మనసైనప్పుడు చేద్దాం' అనుకుంటే ఆ మనసు రాదు. డిప్రెషన్ చికిత్సలో వాడే ఒక పద్ధతి దీన్నే తిరగేస్తుంది, ముందు పని, ఉత్సాహం తర్వాత. ఒక్కో పనికి అతి చిన్న రూపం కూడా ముందే రాసిపెట్టుకోవాలి: నడక కుదరని రోజు గుమ్మం బయట అయిదు నిమిషాలు నిలబడినా లెక్కే. లండన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలగా, కొందరికి 254 అని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు.

రెండు వారాలు దాదాపు రోజంతా దిగులుగానే ఉంటే, దేనిమీదా ఆసక్తి లేకపోతే దినచర్యతో సరిపెట్టకుండా మానసిక వైద్యుణ్ని కలవాలి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఆ గడువూ వద్దు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

బైపోలార్ (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారే జబ్బు) వంటివాటికి ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లు మన ఎండల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. చెమటతో నీరు, ఉప్పు పోతే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉప్పు ఒక్కసారిగా తగ్గించకండి, రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో ఎండలు ముదరకముందే డాక్టరును అడిగి ఉంచుకోండి.