మొదటి ఫారంలోనే శవం

విశాఖ నేపథ్యంగా ఇప్పుడు వస్తున్న ఆడియో థ్రిల్లర్లలో శవం చాలా త్వరగా దొరుకుతుంది. ఆర్కే బీచ్ ఇసుకలోనో, కంబాలకొండ పొదల్లోనో, పోర్టు వైపు పాత గోడౌన్లోనో మొదటి పది నిమిషాల్లో ఎవరో ఒకరు చచ్చి పడి ఉండాలి. ఎందుకంత తొందర అంటే, లేకపోతే వినేవాడు ఆపేసి ఇంకోటి పెట్టుకుంటాడని జవాబు. అది నిజమే. అయితే ఈ తొందర ఫోన్లతో పుట్టింది కాదు. ప్రెస్సులో, అద్దె పుస్తకాల షాపులో ఎప్పుడో పుట్టింది.

ప్రెస్సువాళ్ల లెక్క పేజీల్లో ఉండదు, ఫారాల్లో ఉంటుంది. 16 పేజీలు ఒక ఫారం. క్రౌన్ 1/8 సైజు అంటే అయిదంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల ఎత్తు. 20×30 అంగుళాల కాగితానికి రెండు వైపులా అచ్చేస్తే ఆ సైజువి 32 పేజీలు వస్తాయి, అంటే రెండు ఫారాలు. 96 పేజీల నవలకు ఆరు ఫారాలు, 128 పేజీలకు ఎనిమిది. పేజీకి పాతిక లైన్లు, లైనుకు ఏడు మాటలు వేసుకుంటే 128 పేజీల్లో 22 వేల పైచిలుకు మాటలు పడతాయి. కథ రెండు పేజీలు పెరిగితే పబ్లిషర్ ఇంకో ఫారం మీద ఖర్చు పెట్టాలి. రెండు పేజీలు తగ్గితే మాత్రం బాధ లేదు, రాబోయే నవల ప్రకటన వేసుకుంటాడు. పాత డిటెక్టివ్ నవలల్లో చివరి అధ్యాయం ఉరుకుల పరుగుల మీద సాగడానికి ఇదొక కారణం. పరిశోధకుడు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, నూట ఇరవై పేజీల చిక్కుముడిని నాలుగు పేజీల్లో విప్పేస్తాడు. అందులో కళ కొంతే, కాగితం లెక్క ఎక్కువ.

ఈ రకం నవల మనకు నేరుగా ఇంగ్లండు నుంచి దిగలేదు. ఎడ్గార్ అలన్ పో పారిస్ హత్యల కథ 1841లో వచ్చింది, షెర్లాక్ హోమ్స్ 1887లో పుట్టాడు. ఆ గాలి ముందు కలకత్తాకు తగిలింది. పోలీసు ఉద్యోగి ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ 1890లలో తన కేసుల కథలను అచ్చు వేయించాడు. పాంచ్‌కడీ దే డిటెక్టివ్ నవలలతో జనాన్ని ఊపేశాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలుగులో ‘అపరాధ పరిశోధక నవల’ పేరుతో వచ్చినవాటిలో చాలా భాగం బెంగాలీ నుంచి తెచ్చుకున్నవే. లండన్ పొగమంచు కలకత్తా మీదుగా గోదావరి జిల్లాల దాకా వచ్చిందన్నమాట. కథ తెలుగు ఊరికి మారినా శవం మాత్రం ఇంగ్లండు చలిలోనే చల్లబడుతూ వచ్చింది. ఆ సంగతి కిందికి వస్తుంది.

1950ల తర్వాత ఈ నవల మద్రాసులో, ఆ తర్వాత విజయవాడలో పెద్ద వ్యాపారమైంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఇంటింటి మనుషులైపోయారు. మరో డిటెక్టివ్ రచయిత టెంపోరావుకు వేరే అభిమానులు. ఇందులో విశాఖకూ ఒక వాటా ఉంది, అది చాలామందికి గుర్తుండదు. 1925లో ఈ ఊళ్లోనే పుట్టిన ఆరుద్ర, ‘త్వమేవాహం’ కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన అదే ఆరుద్ర, డిటెక్టివ్ నవలలు కూడా రాశారు. ‘పలకల వెండి గ్లాసు’ వాటిలో ఒకటి. డిటెక్టివ్ నవలను చవకబారు సరుకని కొట్టిపారేసేవాళ్లకు ఈ ఒక్క పేరు చాలు.

అప్పట్లో కొని చదివేవాళ్లకంటే అద్దెకు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. కొంత డిపాజిట్, రోజుకింత అద్దె, అట్ట నోటుబుక్కులో పేరు, తేదీ. రోజు లెక్కన అద్దె కాబట్టి పుస్తకం ఒక్క రాత్రిలో అయిపోవాలి. అందుకే 96, 128 పేజీలు. షాపు బల్ల దగ్గర నిలబడి మొదటి నాలుగు పేజీలు తిరగేసి తీసుకోవాలో వద్దో తేల్చుకుంటారు కాబట్టి శవం మొదటి ఫారంలోనే దొరకాలి. రచయితకు ఈ రెండు హద్దులూ ఎవరూ కాగితం మీద రాసివ్వక్కర్లేదు, అమ్మకాలే చెప్పేవి.

ఆ పుస్తకాల ఒళ్లు ఎలా ఉండేదో చెప్పుకోవాలి. కొత్త నవల రాగానే షాపువాడు పలచటి అట్ట ఊడదీసి, దళసరి అట్టలు వేసి, పక్క కుట్టు కుట్టించి, పాత ముఖచిత్రాన్ని పైన అతికించేవాడు. పక్క కుట్టు గట్టిది, వంద చేతులు మారినా ఆగుతుంది. కానీ లోపలి మార్జిన్ అరంగుళం దాకా కుట్టులోకి పోతుంది. లైను చివరి అక్షరం కనబడాలంటే పుస్తకాన్ని విరిచి పట్టుకోవాలి. విరిచినకొద్దీ ముందు ఊడేవి మొదటి కాగితాలు, చివరి కాగితాలు. హంతకుడి పేరున్న ఆఖరి కాగితమే లేని డిటెక్టివ్ నవల అలా తయారయ్యేది. విశాఖలో ఉప్పుగాలి బాధ అదనం. పిన్నులు కొట్టిన పుస్తకానికి ఏడాదికే తుప్పు మరకలు, ఆ మరక చుట్టూ కాగితం పెళుసెక్కి చిరగడం. దారం కుట్టే మేలు. జిగురు కాచేటప్పుడు మైదాలో కాస్త మైలుతుత్తం కలపకపోతే వానాకాలం తిరిగేసరికి పురుగు పట్టేది.

పుస్తకం పాఠకుడికి చేరే రెండో దారి రైలు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలలకు రైలు నవలలన్న పేరే పడిపోయింది. వాల్తేరు (ఇప్పటి విశాఖపట్నం) స్టేషన్‌లో పుస్తకాల బండికి ఒక అదృష్టం ఉంది. హౌరా, మద్రాసు మధ్య తిరిగే బండి ఈ స్టేషన్‌లోకి వస్తే ముందుకు పోయే దారి లేదు. ఇంజను ఒక చివర విప్పి రెండో చివర తగిలించాలి. ఆ పని అయ్యేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. టీ తాగి, పుస్తకం బేరమాడి కొనడానికి సరిపోయే సమయం.

1970ల నుంచి గూఢచారి వచ్చాడు. మధుబాబు షాడో నవలల పట్టు సాహసంలో ఎంత ఉందో సీరీస్ కావడంలోనూ అంతే ఉంది. ఒకటి చదివినవాడు మిగతావన్నీ అడుగుతాడు. కులకర్ణి, గంగారాం, శ్రీకర్, బిందు ఎవరో పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి పరిచయాలకు పేజీలు ఖర్చు కావు, మొదటి ఫారంలోనే తుపాకీ పేలుతుంది. ఫారం లెక్కకు ఇంతకంటే తెలివైన జవాబు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత వారపత్రికల రాజ్యం. సికరాజుగా పేరుపడ్డ సి. కనకాంబరరాజు సంపాదకత్వంలో ఆంధ్రభూమి వీక్లీ, అందులో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’, పక్కన మల్లాది వెంకటకృష్ణమూర్తి సస్పెన్స్. ఇక్కడ కొలత ఫారం కాదు, వారం. నాలుగైదు పేజీలు అయ్యేసరికి తలుపు కిర్రుమనాలి, కింద ‘ఇంకా వుంది’ పడాలి. వారం ఆగి తెరిస్తే తలుపు తోసింది పిల్లి. వారానికొకసారి చదివినప్పుడు ఈ పిల్లి బాధించదు. అదే సీరియల్ పుస్తకమయ్యాక ముప్ఫై అధ్యాయాల చివర ముప్ఫై పిల్లులు వరసగా కనబడతాయి. సీరియల్‌ను పుస్తకంగా వేసేటప్పుడు ప్రతి అధ్యాయం మొదట్లో గతవారం కథను గుర్తుచేసే రెండు మూడు లైన్లు కొట్టేయాలి, ఉత్తుత్తి భయాల్లో సగం తీసేయాలి. ఈ పని చేసినవాళ్లు తక్కువ.

సీరియల్ కాగితాలు చించి బైండు చేయించుకున్న ఇళ్లు విశాఖలోనూ లెక్కలేనన్ని. కథ పేజీ వెనక వంటల శీర్షిక సగం, సబ్బు ప్రకటన, వారఫలాల్లో కర్కాటకం దాకా. ఒక వారం పత్రిక దొరక్కపోతే ఆ భాగం శాశ్వతంగా గల్లంతే.

ఈ మార్పులో ప్రైవేటు డిటెక్టివ్ మాయమయ్యాడు. క్షుద్రపూజ, హిప్నాటిజం, డాక్టరు, లాయరు, జర్నలిస్టు అతని చోటు తీసుకున్నారు. పాఠకుల రుచి మారిందంటారు. అంతకంటే సూటి కారణం, ఆ మనిషి మన చట్టంలో ఎప్పుడూ లేడు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసి పిలిస్తే వచ్చి, సిగరెట్ పీక జేబులో వేసుకునిపోయే పెద్దమనిషి వల్ల కేసు కోర్టులో నిలవదు. వస్తువు స్వాధీనం చేసుకోవడం పోలీసు పని, మధ్యవర్తుల సంతకాలుండాలి. నవల చివర హంతకుడు ఇన్‌స్పెక్టర్ ముందు నేరం ఒప్పుకోవడం ఇంకో అలవాటు. పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారం చెల్లదని 1872 నాటి సాక్ష్యాధార చట్టం 25వ సెక్షనే చెప్పింది. అతను చెప్పినదాన్నిబట్టి కత్తి దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మాట వరకే పనికొస్తుంది. విశాఖ కోర్టు ఆవరణను అణువణువూ ఎరిగిన రచయిత, ప్లీడరు రాచకొండ విశ్వనాథశాస్త్రి ఈ ఊళ్లోనే ఉండేవారు. ఆయన సస్పెన్స్ రాయలేదు, సస్పెన్స్ రాసినవాళ్లు ఆయన్ను ఈ దృష్టితో చదివినట్టు లేదు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక సాయంత్రాలు టీవీవి అయ్యాయి, అద్దె షాపులు ఒక్కొక్కటీ వీడియో క్యాసెట్లకు, తర్వాత జిరాక్సుకు మారాయి. 1978 నుంచి నెలకో నవల ఇచ్చిన ‘చతుర’ 2021లో ఆగిపోయింది.

ఇప్పుడు పాత నవలలను ఈ-బుక్కులుగా తెచ్చేవాళ్లకు ఎదురయ్యే చిక్కు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లు. వాటిలో తెలుగు అక్షరం ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటుంది, యూనికోడ్‌కు మారుస్తుంటే వత్తులు చోటు తప్పుతాయి. థ్రిల్లర్లకు దెబ్బ ఎక్కువ, ఎందుకంటే వీటినిండా ఇంగ్లిషు మాటలే. పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు పడకపోతే ‘ఇన్‌స్పెక్టర్’ కాస్తా ‘ఇన్స్పెక్టర్’, ‘రివాల్వర్‌తో’ కాస్తా ‘రివాల్వర్తో’ అవుతాయి. మార్చాక ఈ రెండు మాటలనూ ముందు వెతికి చూస్తే ఫైలు ఆరోగ్యం తెలిసిపోతుంది.

ఆడియోకు వస్తే, నిమిషానికి 100 మాటల లెక్కన పది నిమిషాల ఎపిసోడ్‌కు వెయ్యి మాటలు. పాత మొదటి ఫారం 2,800 మాటలు, అంటే దాదాపు మూడు ఎపిసోడ్లు. శవానికి అప్పుడున్న గడువు ఇప్పుడు మూడో వంతైంది. పైగా అద్దె నవల తొందర, వారపత్రిక పిల్లి రెండూ కలిసి ఒకే ఎపిసోడ్‌లోకి వచ్చాయి.

వాటితోపాటు పాత తప్పులూ వచ్చాయి. శవం గంటకు ఒకటిన్నర ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున చల్లబడుతుందన్నది చలిదేశపు లెక్క. విశాఖలో మే నెల రాత్రి గాలే 28 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటే 37 డిగ్రీల ఒళ్లు అంత వేగంగా చల్లబడదు. బిగుసుకుపోయిన శవం ఇక్కడ వేసవిలో 18 నుంచి 36 గంటల్లో సడలుతుంది, చలికాలంలో 24 నుంచి 48 గంటలు. క్లోరోఫాం గుడ్డ ముక్కుకు పెట్టగానే స్పృహ తప్పడం కూడా దిగుమతే, అది నిమిషాలు పట్టే పని, ఈలోగా మనిషి గింజుకుంటాడు. సైలెన్సర్ బిగించిన రివాల్వర్ మరీ పాత కాపు. రివాల్వర్‌లో గుండ్ల చక్రానికీ గొట్టానికీ మధ్య సందు ఉంటుంది, చప్పుడు అక్కడినుంచే బయటికొస్తుంది. సైలెన్సర్ కావాలంటే పిస్టల్ ఇవ్వాలి.

ఊరి తప్పులు వేరే ఉన్నాయి. ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలో కుంగడు, సముద్రంలోంచి లేస్తాడు. సాయంత్రం వెలుగు వెనక కొండల మీద ఉంటుంది, బీచ్ ముందే మసకేస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. మే నెలలో ఫిషింగ్ హార్బర్ నుంచి మరపడవలో సరుకు దాటించే విలన్‌ను ఎవరైనా గుర్తుపడతారు, ఆ రోజుల్లో సముద్రంలో అతనిదొక్కటే మరపడవ. పెద్ద ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి రావాలంటే పోర్టు పైలట్ ఎక్కాల్సిందే, చాటుగా దూరడం కుదరదు. అరకు రైలు దారిలో డజన్లకొద్దీ సొరంగాలున్నాయి, శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది, సాహస ఘట్టానికి బంగారంలాంటి దారి. కానీ బోగీ మీద కొట్లాట పెట్టకూడదు, పైన 25 వేల వోల్టుల తీగ ఉంది. దాన్ని తాకనక్కర్లేదు, దగ్గరికెళ్లినా చాలు.

సెక్షన్లు కూడా మారాయి. 2024 జూలై 1 నుంచి హత్య ఐపీసీ 302 కాదు, భారతీయ న్యాయ సంహిత 103. శవ పంచనామా సీఆర్పీసీ 174 కాదు, నాగరిక సురక్షా సంహిత 194. అయితే కథలో హత్య ఆ తేదీకి ముందు జరిగితే ఛార్జిషీటులో 302 అనే ఉండాలి. ఏడేళ్లూ ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి రావాలన్న నియమం కొత్తగా చేరింది, అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువుంది. కాబట్టి తెల్లకోటు మనిషిని దింపేముందు కథ జరిగే ఏడాది చూసుకోవాలి.

రైల్లో హత్య పెట్టేవాళ్లు ఇంజను సంగతి మరచిపోకూడదు. విశాఖలో ఇంజను వెనక్కి మారాక బండి మొదటి బోగీ చివరిదవుతుంది, ప్రయాణం వైపు ముఖం పెట్టి కూర్చున్నవాడికి ఇప్పుడు వీపు అటు ఉంటుంది. భువనేశ్వర్‌లో ఎక్కి రాజమండ్రిలో దిగాను, దారి పొడుగునా ఎదురుగాలి ముఖాన కొడుతూనే ఉంది, సీటు మారలేదు అని సాక్షి చెబితే అతను అబద్ధమాడుతున్నాడు, లేదా ఆ బండి విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా పక్కదారిన పోయింది. ఏది నిజమో టైంటేబుల్ చెబుతుంది.