పొద్దున పెట్టిన నిప్పు మధ్యాహ్నం ఎందుకు లేస్తుంది?

కాళేశ్వరంలో శివరాత్రి జాతర ముగిసేసరికి, ప్రాణహితకు ఇవతల మా సిరొంచ తాలూకా ఊళ్లలో పత్తి ఏరడం దాదాపు అయిపోతుంది. ఇక చేలల్లో, పెరళ్లలో కుప్పలు లేస్తాయి. పీకేసిన పత్తికట్టె, పాతబడిన కంచె తుమ్మకంప, రాలిన టేకాకు అన్నీ అందులోనే. గాలి లేదని చూసుకుని పొద్దున్నే అగ్గిపుల్ల గీస్తారు. కాసేపటికి మంట తగ్గుతుంది, ఎవరి పనికి వాళ్లు పోతారు. మధ్యాహ్నం అదే కుప్పలోంచి నిప్పు లేచి, కంచె దాటి, పక్కింటి గడ్డివామునో ఊరి వెనక అడవినో అందుకుంటుంది. దీన్ని నిర్లక్ష్యమని తేల్చేయడం నాకు సమ్మతం కాదు. నిప్పు పెట్టినవాళ్లు గాలిని చూసే పెట్టారు. ఆకులోని తేమ మాత్రం కంటికి కనబడేది కాదు.

కట్టె నేరుగా మండదు. ముందు అందులోని నీరు ఆవిరైపోవాలి. ఆపైన సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడికి కట్టె విడిపోయి మండే వాయువుల్ని వదులుతుంది. మనకు కనిపించే మంట ఆ వాయువులదే. నీరు ఎంత తక్కువుంటే మంట అంత త్వరగా అందుకుంటుంది. మణికట్టంత కొమ్మ ఆరడానికి రోజులు పడుతుంది కానీ, గడ్డిపరక, ఎండుటాకు, సన్నపుల్ల మాత్రం చుట్టూ గాలి ఎంత పొడిబారితే గంటా రెండు గంటల్లో అంత పొడిబారతాయి.

ఒక లెక్క చూద్దాం. పొద్దున 22 డిగ్రీలు ఉంది, గాలిలో సాపేక్ష తేమ, అంటే ఆ వేడికి గాలి పట్టగలిగే ఆవిరిలో నిజంగా ఉన్న వంతు, 60 శాతం. గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ ఆవిరిని పట్టగలదు. మధ్యాహ్నానికి అదే గాలి 39 డిగ్రీలకు వేడెక్కింది. అందులో నీటి ఆవిరి చుక్క కూడా తగ్గకపోయినా సాపేక్ష తేమ సుమారు 23 శాతానికి పడిపోతుంది. ఆ లెక్కన ఎండుటాకులో తేమ దాని బరువులో 10, 11 శాతం నుంచి 4, 5 శాతానికి దిగుతుంది. పొద్దున నిప్పురవ్వ పడి ఆరిపోయిన ఆకే మధ్యాహ్నం భగ్గుమంటుంది.

గాలి సంగతీ అంతే. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకుని చల్లటి గాలి పొర ఒకటి నిలుస్తుంది. దానివల్లే తెల్లవారుజామున ఆకు కదలదు, పొగ నేలబారుగా పాకుతుంది. ఎండ ముదిరి నేల వేడెక్కగానే ఆ పొర విచ్చుకుంటుంది, పైనున్న వేగమైన గాలి కిందికి కలుస్తుంది. అప్పుడు ఉండుండి విసురుగా కొడుతుంది. సరిగ్గా ఆ సమయానికి కుప్ప నివురుగప్పి ఉంటుంది. బూడిద వేడిని బయటికి పోనివ్వదు గనక లోపల బొగ్గు మరుసటి రోజు దాకా కూడా కణకణలాడుతూ ఉండగలదు.

రవ్వ బయటపడ్డాక ఆపడం కష్టం. గాలికి మంట ముందుకు వంగి, ఇంకా అంటుకోని ఆకును ముందే కాచి ఆరబెడుతుంది. వాలు ఎక్కేటప్పుడూ ఇదే జరుగుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని అడవి మంటలు ఆర్పేవాళ్ల మోటు లెక్క. టేకాకు వెడల్పుగా ఉండి, ఎండాక ముడుచుకుని నేలమీద వదులుగా పడి ఉంటుంది. మధ్యలో గాలి ఆడుతుంది కాబట్టి మంట ఒకదాన్నుంచి ఒకదానికి ఇట్టే పాకుతుంది. ముదురు టేకుచెట్టు మందపాటి బెరడుతో తట్టుకుంటుంది, మొలక మాత్రం మాడిపోయి మళ్లీ వేరు నుంచి చిగురించాల్సిందే.

బకెట్ నీళ్లుంటే చాలన్న ధైర్యం చాలామందిది. లీటరు నీరు పూర్తిగా ఆవిరైతే సుమారు 2.5 మెగాజూళ్ల వేడి లాగుతుంది. కిలో ఎండుకట్టె కాలితే 18 మెగాజూళ్ల దాకా వస్తుంది. అంటే 15 లీటర్ల బకెట్ కాగితం మీద కూడా రెండు కిలోల కట్టెకే సరి! అందుకే ఆ నీళ్లను మంట నడిమధ్యన కుమ్మరించకుండా, రవ్వలు పడే అంచుల మీదా ఆఖరున బూడిద మీదా వాడుకోవాలి. ముట్టించే ముందే కుప్ప చుట్టూ పది అడుగులు మట్టి కనబడేలా గీకడం అన్నిటికంటే మేలు. కుప్ప చిన్నదిగా ఉండాలి. చివర్లో నీళ్లు పోస్తూ కలియదిప్పి, అరచేతి వెనకభాగం దగ్గరపెట్టి సెగ చూడాలి. అడుగున కూడా సెగ లేకపోతేనే అక్కణ్ణుంచి కదలాలి. మంట అంటూ లేస్తే దాని ముందు పరుగెత్తొద్దు, ఎత్తుకు అసలే వద్దు. పక్కకు తప్పుకోవాలి.

ఉపగ్రహాలు చూస్తున్నాయిగా అనవచ్చు. భారత అటవీ సర్వే పంపే హెచ్చరికలకు ఆధారమైన, ఉపగ్రహం మీదినుంచి మంటల వేడిని పసిగట్టే వీఐఐఆర్‌ఎస్ పరికరం మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం, రాత్రి ఒకటిన్నర ప్రాంతాల్లో. మూడింటికి లేచిన మంటకు ముందు చేరేది పక్కింటివాళ్లే.

పత్తికట్టెను చేలో ఉంచొద్దనడంలో న్యాయం ఉంది. ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంటను పట్టుకుంటుంది. అయితే దాన్ని తొలగించడానికి నిప్పే అక్కర్లేదు. కట్టెను ముక్కలు చేసే యంత్రాలున్నాయి, ఆ పొట్టు కంపోస్టుకు పనికొస్తుంది. రెండెకరాల రైతు అంత యంత్రం సొంతంగా కొనలేడు. ఫిబ్రవరి రాకముందే ప్రతి గ్రామపంచాయతీలో ఒకటి అద్దెకు దొరికేలా చూడమని సర్పంచుల్ని, వ్యవసాయ శాఖను మనం గట్టిగా అడగాలి.